రాక్షసుణ్ణి తిట్టిన రాజకుమారి

మహిళా దినోత్సవానికి మా కాలేజీలో ఏటా ఎవరో ఒకరు ప్రసంగించాలి. ఆ ఏడు ఆ పని నాకు పడింది. నెల్లూరులో ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను కాబట్టి, చిన్నప్పటి నుంచి మనం వినే రాజకుమారి కథల్లో ఆడవాళ్ళకు ఏ పని మిగిల్చారన్నది అంశంగా తీసుకున్నాను. రెండు వారాలు కూర్చుని రాశాను. ఆ కథల్లో రాజకుమారి నిద్రపోతుంది, ఏడుస్తుంది, ఎదురుచూస్తుంది, చివరికి పెళ్ళి చేసుకుంటుంది. నోరు మెదపనిది మంచిది, నోరున్నది మంత్రగత్తె. రాసింది చూసుకుని నాకే ముచ్చటేసింది.

ఎలా ఉంటుందో చూద్దామని ముందుగా రెండో సంవత్సరం క్లాసులో చదివాను. అయ్యాక చివరి బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. ఇందుకూరుపేట అవతల సముద్రం ఒడ్డు పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల.

“మేడం, మా అవ్వ చెప్పే కథలో రాజకుమారి ఏడవదు.”

“మరేం చేస్తుంది?”

“తిడతాది మేడం.”

క్లాసంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను గానీ, ఆ మాట నన్ను వదల్లేదు. ఆదివారం చర్చి అయ్యాక, కట్టుకున్న తెల్లచీర కూడా మార్చకుండా స్కూటీ మీద ఆ పల్లెకు వెళ్ళాను.

అవ్వ ఇంటి ముందు పట్టా పరిచి నెత్తళ్ళు ఎండబోస్తోంది. వేలెడంత చేపలు ఎండకు తళతళలాడుతున్నాయి. నేనెందుకొచ్చానో మనవరాలు చెప్పగానే అవ్వ నా ముందుకు ఒక గంప నెట్టింది.

“కూర్చో టీచరమ్మా. చేతులు ఊరికే పెట్టుకోని కూర్చుంటే నాకు కథ రాదు.”

నేనూ పట్టా మీద చేపలు పరవడం మొదలుపెట్టాను. నాలుగడుగుల దూరంలో తాటాకు పంచ కింద తాత వల బాగుచేసుకుంటున్నాడు. అవ్వ ఆయన వైపు ఒకసారి చూసి గొంతు సవరించుకుంది. రాక్షసుడు రాజకుమారిని దీవికి ఎత్తుకుపోయాడట. ఆమె ఏడ్చిందట. రాజకుమారుడు అలలు దాటి వెళ్ళి, రాక్షసుణ్ణి నరికి, ఆమెను తెచ్చుకున్నాడట. తాత తలూపుతూ విన్నాడు. నాకు ఉసూరుమనిపించింది. ఇదే కదా నేను రాసింది! మనవరాలు మాత్రం కాసేపు ఆగమన్నట్టు చేత్తో సైగ చేసింది.

కథ అయ్యాక తాత టీ తెస్తానని అంగడికి బయల్దేరాడు. ఆయన వీధి మలుపు తిరగ్గానే అవ్వ నా వైపు జరిగింది.

“అది మొగోళ్ళ కథలే. ఇప్పుడు మనది విను.”

ఈ కథలోనూ రాక్షసుడు ఆమెను దీవిలో పెట్టి తలుపేశాడు. రాజకుమారి మాత్రం మొదటిరోజే మొదలుపెట్టింది. “ఇదొక ఇల్లా? ఊడ్చి ఎన్నాళ్ళయింది రా? నువ్వు నీళ్ళు పోసుకోని ఎన్నాళ్ళయింది?” పుట్టినప్పటి నుంచీ రాక్షసుణ్ణి అట్లా అడిగినవాళ్ళు లేరు. బిత్తరపోయి చీపురు అందుకున్నాడు. వారం తిరిగేసరికి ఊడుస్తున్నాడు, నీళ్ళు మోస్తున్నాడు, చేపల పులుసు పెడుతున్నాడు. ఆ అలవాటు లేని చాకిరీకి ఒళ్ళు హూనమై, ఒకనాడు పట్టపగలే గురకపెట్టి పడుకున్నాడు. ఆమె అతని మొలలోంచి తాళంచెవి తీసుకుని, పడవ నీళ్ళలోకి తోసుకుని బయల్దేరింది. దారిలో చూస్తే, ఆమెను విడిపించడానికి వస్తున్న రాజకుమారుడు ఇసుకమేటలో ఇరుక్కుని ఉన్నాడు. తాడు విసిరి లాక్కొచ్చింది.

“పెళ్ళి చేసుకుందా మరి?” అన్నాను నవ్వాపుకోలేక.

“చేసుకునిందిలే. పులుసు పెట్టేది వచ్చా అని అడిగి చేసుకునింది.”

వెనక గాజు గ్లాసులు గలగలలాడాయి. టీ పట్టుకుని తాత నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఏమో.

“ఏమే, నలభై ఏళ్ళ నుంచి రాజకుమారుడే చంపినాడని చెప్తివే నాకు!”

“ఆడోళ్ళ మద్దెన నువ్వెప్పుడు కూర్చున్నావు? ఎండు చేపల కాడ చెప్పేది ఇదే.”

“మరి నాకు ఇది ఎందుకు చెప్పలేదు?”

అవ్వ చేపలు తిరగేస్తూనే జవాబిచ్చింది. “తెల్లారితే సముద్రం మీదికి వేటకు పొయ్యేవాడివి. మొగోడు గెలిచి ఇంటికొచ్చే కథ గాక నీకు ఇంకేం చెప్పమంటావు?”

తాత గ్లాసులు మాకిచ్చి తనూ పట్టా అంచున కూర్చున్నాడు. నేను రాసుకున్న కాగితాల్లో రాజకుమారుడి గెలుపంటే మగవాళ్ళ గొప్పే. ఆ కథను ఒక ఆడమనిషి తన భయాన్ని దాచుకుంటూ చెబుతుందన్న ఊహే నాకు రాలేదు. 

అంతలో తాతే అందుకున్నాడు. “అదంతా సరే. ఆటూపోటూ తెలియకుండా మేటలో ఇరుక్కున్యాడే, ఆ ఎదవకి పడవ ఎవురిచ్చినారు?”

ముగ్గురం పడీపడీ నవ్వాం.

మహిళా దినోత్సవం నాడు నా ప్రసంగం సగానికి కోసేసి, మిగతా సమయం అవ్వకిచ్చాను. తాత, అవ్వ ఆటోలో వచ్చారు. ఇద్దరినీ ముందు వరసలో కూర్చోబెట్టాం. అవ్వ మైకు పట్టుకుని రెండు కథలూ చెప్పింది. రాక్షసుడు చీపురు పట్టుకునే చోట ఆడపిల్లల ఈలలకు హాలు దద్దరిల్లింది. ఇసుకమేట దగ్గరికి రాగానే తాత లేచి నిలబడి, పడవను అక్కడినుంచి ఎట్లా తప్పించాలో చేతులు తిప్పుతూ చూపించాడు. దానికీ చప్పట్లే. తర్వాత పిల్లలు అవ్వ చుట్టూ మూగారు. మా అమ్మమ్మ ఇట్లా చెబుతుంది, మా నాయనమ్మ అట్లా చెబుతుంది అంటూ ఒకరితో ఒకరు పోటీపడ్డారు. నేను తీసుకెళ్ళిన నోటు పుస్తకం చాల్లేదు.

ఆటో దాకా సాగనంపడానికి వెళ్ళాను. అవ్వ మేం కప్పిన శాలువా సర్దుకుంటూ ఎక్కి కూర్చుంది. పక్కన చేరిన తాత గొంతు తగ్గించి అడిగాడు.

“ఏమే, ఇట్టా రెండేసి ఉండే కథలు ఇంకా ఎన్ని ఉండాయే నీ దగ్గిర?”

“ఇంటికి పద, చెప్తా” అంది అవ్వ.