బస్సులో పోయిన గొడుగు

మా అక్క పోయి నాలుగు నెలలైంది. దారిలో ఎదురైనవాళ్ళు ముందు అయ్యో అంటారు, తర్వాత గొడుగు సంగతి అడుగుతారు. కొందరు అయ్యో దాకా కూడా ఆగరు.

అక్క పాటలు రాసింది, పాడింది, ఇరవై రెండేళ్ళు టీవీలో పొద్దుటి కార్యక్రమం నడిపింది. ఈ మూడింట్లో ఏది బాగా వచ్చని అడిగితే, ఎదుటివాళ్ళ మాటకు అడ్డం పడటం అనేది. అది నిజం. చిన్నప్పుడు మా ఇద్దరిదీ ఒకటే గది. నేను ఎక్కాలు చదువుతుంటే పన్నెండో ఎక్కానికి బాణీ కట్టి నా కంటే ముందు ముగించేది. పరీక్షలో నేను బాణీ రాశాను గానీ లెక్క రాయలేదు.

పందొమ్మిదో ఏట పెళ్ళిళ్ళలో పాడే బృందంలో చేరింది. భోజనాలకు పిలిచాక పాడే వంతు తనది, అంటే ఎవరూ వినని వంతు. ఖాళీ కుర్చీలకు తన అంత బాగా పాడేవాళ్ళు లేరని గొప్పలు పోయేది. ఆ తర్వాత సినిమా పాటల కోరస్‌లో తొమ్మిదేళ్ళు, వెనక వరసలో. ఆ పాటలు ఇప్పుడు విన్నా పట్టేయగలను. ఎనిమిదిమంది ఆడవాళ్ళు ఒక్కసారిగా 'ఆ' అనాల్సిన చోట ఒకావిడ కాస్త ముందే అంటుంది. ఆవిడే మా అక్క. ఓపిక లేని మనిషి.

కొత్తగా పెట్టిన ఒక టీవీ ఛానల్‌కు, కాగితం చూడకుండా మాట్లాడగలిగే గాయని కావలసి వచ్చి అక్కను పిలిచారు. కార్యక్రమం మొదట్లో వచ్చే పాట కూడా తననే చేయమన్నారు. బాణీ కుదిరింది. మాటలు ఇంకా కుదరలేదు. అలాంటప్పుడు ఆ వృత్తిలో ఒక అలవాటుంది. బాణీ కొలత తెలియడానికి నోటికొచ్చిన మాటలేవో పెట్టి ఒకసారి పాడి ఉంచుతారు. దాన్ని డమ్మీ అంటారు. అసలు మాటలు వచ్చాక మళ్ళీ పాడి, డమ్మీని పారేస్తారు.

అక్క డమ్మీ పాడాల్సిన రోజు పొద్దున నేను బస్సులో నిద్రపోయి, అమ్మ కొత్తగా కొన్న గొడుగు అందులోనే వదిలేసి దిగాను. అమ్మ ఊరుకునే రకం కాదు. అక్క ఆ రభసలోంచే స్టూడియోకి వెళ్ళి మైకు ముందు నిలబడింది:

గొడుగు పోయెను బస్సులో, తమ్ముడి తలకాయ మబ్బులో,
గ్యాసు నిండుకునె ఇంటిలో, అమ్మకు కోపం ముక్కులో.

వారానికి అసలు మాటలు రాసుకుని, అవీ పాడింది. రెండు టేపులూ స్టూడియోలో ఒకే బీరువాలో పెట్టింది. అక్కడే కొంప మునిగింది. ఏ టేపు మీదా 'ఫైనల్' అని రాయకపోవడం అక్కకో పట్టుదల. అలా రాస్తే మర్నాడే అందులో తప్పు దొరుకుతుందని నమ్మకం. రెంటి మీదా 'ట్రాక్' అనే రాసింది. అక్కడి రికార్డిస్టు చేతికి అందినదాన్ని ఛానల్‌కు పంపించాడు. సోమవారం ఎనిమిదింటికి మా అమ్మ కోపం దేశమంతటా వినిపించింది.

అక్క మంచం మీద బోర్లా పడుకుని, ఇక ఉద్యోగం పోయినట్టే అంది. పోలేదు. బుధవారానికి బడిపిల్లలు పాడుతున్నారు. నెల తిరక్కముందే ఛానల్‌కు గొడుగులు రావడం మొదలైంది, 'తమ్ముడి గారికి' అని చీటీలతో. నా పెళ్ళిచూపుల్లో ఆ అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న కూడా గొడుగు గురించే.

జనానికి నవ్వులాట, అక్కకు మాత్రం ముల్లు. అసలు మాటలున్న కాగితాన్ని కళ్ళద్దాల పెట్టెలో మడిచి పెట్టుకుని తిరిగేది. ఒక్కసారైనా వాటిని టీవీలో పాడాలని ఏటా అడిగేది. చూద్దాం లెండి అనేవాడు ప్రొడ్యూసర్. ఇరవై రెండేళ్ళు చూశాడు. ఆ మాటలు నేనూ చదివాను. నాలుగు పంక్తుల్లో ఉదయం రెండుసార్లు, హృదయం మూడుసార్లు ఉన్నాయి. బాగున్నాయక్కా అన్నాను. తోడబుట్టినవాణ్ణి, ఇంకేమనాలి?

అప్పుడు అక్క గొంతులో గడ్డ బయటపడింది. సోమవారం ఆపరేషన్ అన్నారు. ఆ తర్వాత మాట వస్తుంది గానీ పాట సంగతి చెప్పలేమని డాక్టర్ ముందే చెప్పేశాడు. మిగిలింది శుక్రవారం కార్యక్రమం ఒక్కటే. ఈసారి అక్క అడగలేదు, తన మాటలే పాడుతున్నానని చెప్పింది. ప్రొడ్యూసర్ కళ్ళు తుడుచుకుంటూ సరేనన్నాడు.

ప్రేక్షకుల మెట్ల మీద నేనూ కూర్చున్నాను. అక్కకు పైన మంచి బట్టలు, బల్ల కింద బాత్రూం చెప్పులు, ఎప్పటిలాగే. అక్క కాగితం విప్పి పాడింది. గొంతు అంత బాగా పలకడం నేనెన్నడూ వినలేదు. జనం చప్పట్లు కొట్టారు, మర్యాదకు. పెళ్ళిళ్ళలో పాడిన మనిషికి ఆ తేడా తెలియకుండా ఉంటుందా?

ముందు మెట్టు మీది ముసలావిడ అంది: "బాగుందమ్మా. ఇంతకీ ఆ గొడుగు దొరికిందా?"

అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు. "వాణ్ణే అడగండి. అదుగో, మూడో మెట్టు, బట్టతల."

కెమెరా నా మీదికి తిరిగింది. "లేదక్కా," అన్నాను.

"వెతికితే కదరా."

కాగితం మడిచి పెట్టెలో పెట్టి టక్కున మూసింది. కీబోర్డు అతనికి చెయ్యి ఊపింది. ఎక్కడా రాసుకోనిది, అప్పటికప్పుడు అందుకుంది:

గొడుగు దొరికెను మూలలో, ఊచ విరిగెను వానలో,
అయినా తెరిస్తే చాలురా, ఇద్దరం పడతాం నీడలో.

రెండోసారికి మెట్లన్నీ పాడుతున్నాయి. నేను పాడలేకపోయాను, కెమెరా ఇంకా నా మొహం మీదే ఉంది, దరిద్రపుది.

మేకప్ గదిలో మొహం తుడుచుకుంటూ, ఉదయం, హృదయం బాగాలేవని ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఎందుకు చెప్పలేదని నన్ను తిట్టింది. ఆ రోజు పాట ఎక్కించి రికార్డిస్టు తెచ్చిన డిస్కు అందుకుని, పెన్ను అడిగి తీసుకుని, దాని మీద 'ఫైనల్' అని రాసింది.

ఆపరేషన్ తర్వాత ఏడాదిన్నర ఉంది. గుసగుసగా మాట్లాడేది, అయినా మాటకు అడ్డం పడటం మానలేదు. పాట మాత్రం మళ్ళీ రాలేదు.

ఆ డిస్కు నా దగ్గరే ఉంది. నిన్న మళ్ళీ విన్నాను. తను భయపడినట్టే అందులో తప్పుంది. రెండో పంక్తి కాస్త ముందే అందుకుంది.