తొడుగుల కింద వేళ్లు

1984లో నేను షికాగోలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో, క్యాన్సర్ క్లినిక్ నర్సుగా పనిచేసేదాన్ని. నలుగురిలో నోరు విప్పడానికి జంకేదాన్ని గానీ, నరానికి సూది పెట్టడంలో నా చెయ్యి తప్పేది కాదు. పగలు విన్న మాటలు ఇంటికెళ్లి డైరీలో రాసుకునేదాన్ని.

మిసెస్ ఎర్లీన్‌కు లింఫోమా, అంటే లింఫు గ్రంథుల క్యాన్సర్. అరవై దాటిన నల్లజాతి మహిళ. ఇంటి ముందు గదిలోనే బ్యూటీ షాప్ నడిపేది. మూడు వారాలకోసారి విన్‌క్రిస్టీన్ అనే ఇంజెక్షన్ కోసం, చర్చికి బయల్దేరినట్టు టోపీ, తెల్లని చేతితొడుగులతో వచ్చేది.

"ఎలా ఉన్నారు?" అని అడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు: "దేవుడి దయ, బేబీ. నిన్నటికన్నా మేలు." నేను చార్ట్‌లో "నో కంప్లెయింట్స్" అని రాసేదాన్ని. బాధలేవీ లేవని దాని అర్థం. డైరీలో మాత్రం ఆమె జవాబే రాసుకునేదాన్ని, ఆ మాట తీరు బాగుందని.

అంతవరకూ మోచేతి దగ్గరే సూది పెట్టేదాన్ని; నాలుగోసారి వచ్చినప్పుడు చేతి వెనక నరం కోసం తొడుగులు తీయమన్నాను.

"నువ్వే లాగు, హనీ. నాకు పట్టు దొరకదు."

లాగాను. మూడు వేళ్ల కొసలు బొబ్బలెక్కి ఉన్నాయి.

"హాట్ కోంబ్," అంది. జుట్టు సాఫీ చేయడానికి పొయ్యి మీద కాల్చే ఇనుప దువ్వెన అది. "నలభై ఏళ్లుగా ఆ దువ్వెన పడుతున్నా. మొన్న కాలిన వాసనొస్తే కుర్చీలో ఉన్న పిల్ల జుట్టేమో అనుకున్నా. చూస్తే నా వేళ్లే."

"మంట తెలియలేదా?"

"నెల రోజులుగా వేళ్లకేమీ తెలియడం లేదు."

న్యూరోపతీ. ఆ మందు కొందరిలో నరాలను మొద్దుబారుస్తుంది. అదే మోతాదు ఇస్తూపోతే ఆమె మళ్లీ దువ్వెన పట్టలేకపోవచ్చు.

"మరి నాకు చెప్పలేదేం?"

"ఎలా ఉన్నావని అడిగావు. మా చర్చిలో ఆ మాటకు దేవుడికి వందనం చెప్తాం గానీ రోగం చెప్పం. ఇంకో సంగతి. మా అక్క ఆసుపత్రికెళ్లి నొప్పంటే, మత్తుమందు కోసం నాటకమాడుతోందన్నారు. అప్పట్నించి మా ఇంట్లో ఎవరం నోరెత్తం. డాక్టర్‌కు చెప్పావంటే మందు ఆపేస్తాడు."

"ఆపరు, మోతాదు తగ్గిస్తారనే అనుకుంటున్నాను. మీరే చెప్పండి. నేను పక్కనే ఉంటాను."

డాక్టర్ వచ్చి, మందు ఎక్కించడానికి సిరంజి కోసం చెయ్యి చాపాడు. నేను ట్రే వెనక్కి లాక్కున్నాను. అంతకుముందెన్నడూ అంత పని చేయలేదు.

"ముందు ఈవిడ మాట వినండి, డాక్టర్."

"చార్ట్‌లో ఏమీ లేదే."

"అది నా తప్పు. అడగాల్సింది అడగలేదు."

ఎర్లీన్ నా వంక చూసి, నెమ్మదిగా చెప్పింది. ఆయన విని, ఆమె టోపీ పిన్ను తీసి బల్లమీద పెట్టాడు. "వేళ్లతో పైకి తీయండి," అన్నాడు. ఆమె మూడుసార్లు ప్రయత్నించి తీయలేకపోయింది. ఆయన మోతాదు తగ్గించాడు. మందు ఆపలేదు.

ఆ వారం నుంచి ఏ రోగితోనూ నేను "ఎలా ఉన్నారు?" దగ్గర ఆగలేదు. గుండీలు మీరే పెట్టుకుంటున్నారా, ఏ పని మానేశారు, దేన్ని ఎవరికి అప్పజెప్పారు అని అడిగాను. జవాబులు వాళ్ల మాటల్లోనే చార్ట్‌కెక్కించాను. "బాగున్నాను" అన్నవాళ్ల చార్ట్‌లే ఎక్కువగా నిండాయి.

చికిత్స ముగిసిన కొన్ని నెలలకు ఎర్లీన్ తొడుగులు లేకుండా వచ్చింది. ఎలా ఉన్నారని అడగబోతుంటే నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, "ఇదేం జడ, బేబీ? సగం ఊడిపోయింది," అంటూ విప్పి మళ్లీ అల్లింది. చాలాసేపు పట్టింది. ఎక్కడా వదులు లేదు. ఆ రోజు చార్ట్‌లో అదే రాశాను.