సారక్క కాగితంల నేను రాసిన అబద్ధం

ఏండ్ల సంది ఒక ఆడమనిషి ముఖాన్ని గుండెల మీద మోస్తున్న. దించుకునే జాగ దొరకలేదు. నన్నెరగని మీకు చెప్తున్న, ఎందుకంటే ఎరిగినోళ్లకు చెప్పే ధైర్యం నాకు ఎన్నడూ రాలేదు. మా ఆయనకు తెల్వదు. మా అమ్మకు తెల్వదు. నా పేరు మాత్రం అడగకండి.

మాది జనగామ. మా బాపుకు మార్కెట్ దగ్గర కిరాణం దుకాణం. డిగ్రీ అయినంక నాకు ఒక చర్మం డాక్టరమ్మ దగ్గర కొలువు దొరికింది. ఆమె రొజేషియా అనే జబ్బు మీద పరిశోధన చేస్తుండె. ముక్కు, చెంపలు, నుదురు ఎర్రబడి మండుతయి, సన్న పొక్కులు లేస్తయి, కొందరికి కండ్లకు కూడ పాకుతది. ఎందుకొస్తదో ఎవ్వరూ గట్టిగ చెప్పలేరు. ఎండ, పొయ్యి సెగ, కారం, మందు తాగుడు, ఇవన్నీ దాన్ని రేపుతయని మాత్రం తెలుసు. పుస్తకాలల్ల ఉన్న ఫొటోలు చానా మటుకు తెల్లోళ్లవేనని, మన చామనచాయ మీద ఆ ఎరుపు కండ్లకు ఆనదని, అందుకే మనోళ్లకు ఈ జబ్బే లేదనుకుంటున్నరని ఆమె బాధపడేది. ఊర్లల్ల తిరిగి అసుంటోళ్లను వెతికి, పూత మందు ఇచ్చి, నెలకొకసారి పోయి ఎట్లున్నదో అడిగి ఫారం నింపాలె. అదే నా పని. ఒక్క మాట మాత్రం ఆమె ప్రతిసారి చెప్పేది: కండ్లు మండుతున్నయని ఎవరన్న అంటే ఆగొద్దు, వెంటనే కంటి డాక్టరుకు చూపియ్యాలె, ఆలస్యమైతే కంట్ల తెల్లగ పువ్వేసి చూపు పోతది.

సారక్కది గంగారం దిక్కు అడవిల ఒక గూడెం. జనగామల రైలెక్కి మానుకోటల దిగి, బస్సు పట్టుకొని, ఆటో ఎక్కి, కడకు నడిచి పోవాలె. వాళ్లు ఇంట్ల కోయ మాట్లాడుకుంటరు. నాతోని ఒక్కొక్క మాట ఏరుకుంట తెలుగు మాట్లాడింది. బడిల పిల్లలకు పగటన్నం వండేది ఆమెనే. కట్టెల పొయ్యి ముంగట కూసొని కూసొని ముఖం కాగిపోయి ఉండె. ముక్కు మీద పొక్కులు. ఆ ముఖం జూసి ఊరంత ఆమె తాగొచ్చి వండుతదని అనుకుంటున్నరట. అది చెప్పేటప్పుడు ఆమె నా దిక్కు చూడలేదు. పండుగ నాడు కూడ చుక్క ముట్టనని ఒట్టేసింది. ఇది రోగమే గని తాగుడు కాదని డాక్టరమ్మతోని ఒక కాగితం రాపియ్యమని అడిగింది. ఆమె నా దగ్గర కోరింది అదొక్కటే. రాపిస్తనన్న. నెలకు మల్ల వస్తనన్న.

పోలేదు.

రెండో నెల వానలు పడ్డయి. వాగు పొంగింది. అది నిజమే. కని వాగు ఎన్ని దినాలు పొంగుతది? వారానికి తగ్గింది. మరి అప్పుడెందుకు పోలేదు? ఈ ప్రశ్న నన్ను నేను లెక్కలేనన్ని సార్లు అడుక్కున్న, ప్రతిసారి వచ్చే జవాబు ఒక్కటే, అది ఎంత చిన్న జవాబంటే దానికోసం ఒక మనిషి బతుకు పాడైందని చెప్పుకోను సిగ్గయితది: నాకు అంత దూరం పోబుద్ధి కాలేదు. అంతే.

దుకాణం పైనున్న అర్రల కూసొని రెండో నెల ఫారాలు నింపిన. దూరం గూడేలయి అన్నీ నేనే నింపిన. మూడో నెలవి కూడ. అన్నీ ఒకే తీరుగ ఉంటే డాక్టరమ్మకు అనుమానం వస్తదని అక్కడక్కడ తేడా పెట్టిన. ఒకామెకు మంట తగ్గిందని, ఇంకొకామెకు తగ్గలేదని. సారక్క ఫారంల ‘కండ్ల మంట’ దగ్గర లేదు అని రాసిన. ‘మద్యం’ దగ్గర అప్పుడప్పుడు అని రాసిన.

ఆ మాట ఆమె పేరు మీదనే ఎందుకు పడ్డది? మరిచిపోయిన్నా? లేదు. ఆమె ఒట్టేసింది నాకు గుర్తుంది. అయినా నా పెన్ను ఆగలేదు. బహుశ నేను ఆమెను ఆ నాడు కూడ నమ్మలేదేమో. గూడెపోళ్లు తాగకుంట ఉంటరా అని మా ఇండ్లల్ల మాట్లాడుకునే మాట నాల కూడ ఉండెనేమో. ఇది చెప్పుకునుడు అన్నిటికంటె కష్టంగ ఉన్నది.

ఫారాలు చూసి డాక్టరమ్మ మెచ్చుకున్నది. ఇంత దూరాలు తిరిగి ఇంత నీటుగ ఎవరు రాస్తరమ్మా అన్నది. సారక్క అడిగిన కాగితం మాట నేను ఎత్తనే లేదు. తర్వాత ఆమె మంచితనంతోనే ఒక పని చేసింది. ప్రతి ఒక్కరికీ తెలుగుల ఒక సలహా కాగితం రాసి ఊరి ఆశ వర్కర్లకు పంపింది. సారక్క కాగితంల, మీ జబ్బు తగ్గాలంటే మద్యం పూర్తిగ మానుకోవాలని ఉన్నది.

ఆశ వర్కర్ దాన్ని బడి అరుగు మీద, నలుగురి ముంగట చదివింది. ఆమెకేం తెలుసు? సంబురంగ చదివింది, సారక్క ఎదురుచూస్తున్న కాగితం వచ్చిందని. వారం తిరగకముందే సారక్కను వంట పని నుంచి తీసేసిన్రు.

అప్పుడు ఆ ఆశ వర్కర్ నాకు ఫోన్ చేసింది. సారక్క ఏడుస్తున్నదని, తాగనే తాగనంటున్నదని, ఒక్కసారి సరిచూడమని బతిలాడింది. అప్పటికి చెయ్యి దాటలేదు. ఒక్క మాట చెప్తే సరిపోయేది. కొలువు పోయేది, అంతే కద. నేను మాత్రం, ఫారంల ఉన్నదే పంపినం అన్న. ఫోన్ పెట్టేసిన.

పరిశోధన ముగిసింది. మన దిక్కు ఊర్లల్ల ఈ జబ్బు కండ్ల దాక పోవుడు తక్కువని డాక్టరమ్మ పెద్ద మీటింగుల చెప్పింది. అండ్ల నా అబద్ధాలు ఎన్ని కలిసినయో నాకొక్కదానికే తెలుసు. ఆ మాట విని ఎంతమంది డాక్టర్లు ఎంతమంది కండ్లు చూడకుంట పంపిచ్చిన్రో నాకు తెల్వదు.

పెండ్లయినంక భూపాలపల్లికి వచ్చిన. ఇక్కడ ఒక దవాఖానల చీటీలు రాస్తున్న. పోయినేడు ఎండకాలం లైనుల ఒక బిడ్డ తన తల్లిని పట్టుకొని నిలబడ్డది. పేరు అడిగిన. సారక్క అన్నది తల్లి. తలెత్తి చూసిన. ఎడమ కంట్ల తెల్లగ పువ్వేసి ఉన్నది. రెండో కన్ను ఎర్రగ, నీళ్లు కారుతున్నది.

నా గొంతును ఆమె గుర్తు పట్టింది.

“జనగామ బిడ్డవు కద? మల్ల వస్తనంటివి.”

“పని పడ్డది అక్క. కంటికి ఏమైంది?”

“నువ్వు పోయినంక మండుడు సురువైంది. ఇసుక పోసినట్టుండె. నువ్వొస్తే చెప్దామనుకున్న. బిడ్డ, ఒక్కటి అడుగుత, కోపం జెయ్యకు. నాకు మీ తెలుగు సక్కగ రాదు. ఆ నాడు నేనేమన్న తప్పు చెప్పిన్నా? తాగుత అన్నట్టు నీకు ఇనవడ్డదా? గన్ని ఏండ్ల సంది గదే సోచాయిస్తున్న.”

ఆమె నన్ను నిందించలేదు. తన నాలుకను నిందించుకుంటున్నది.

ఎనకున్నోళ్లు జల్ది కానియ్యమని ఒర్రుతున్నరు. నేను చీటీ మీద ఆమె పేరు రాసిన. తల దించుకొనే అన్న:

“అట్లనే అయ్యుంటది, అక్క.”

ఆమె తల ఊపింది. తృప్తి పడ్డట్టు ఊపింది. ఇన్నేండ్లకు జవాబు దొరికినట్టు. బిడ్డ చెయ్యి పట్టుకొని కంటి డాక్టరు రూము దిక్కు పోయింది. ఆ కన్ను ఇగ రాదని, రెండోది కాపాడుదామని డాక్టర్ అన్నడట. తర్వాత కాగితాలల్ల చూసిన.

మొదటిది బద్ధకం అనుకుందాం. రెండోది భయం. మరి ఈ మూడోది ఏంది? ఆమె చేతుల నా కొలువు లేదు, నా పరువు లేదు. అయినా నా తప్పు తీసి ఆమె నోట్ల పెట్టిన. దీనికి పేరు దొరకలేదు నాకు. వాళ్ల బిడ్డ ఇల్లు మా ఇంటికి రెండు గల్లీల అవుతల. చాలాసార్లు ఆ గల్లీ మొదటి దాక పోయి మర్లి వచ్చిన. డాక్టరమ్మ నంబరు కూడ నా ఫోనుల ఉన్నది. రేపు చేస్తనని మీకు మాటియ్యను. నా మాటలు ఎసుంటివో ఇప్పుడు మీకు తెలిసింది.

మాఫీ అడుగుత లేను. ఇచ్చే హక్కు మీకు లేదు, అడిగే ముఖం నాకు లేదు. ఇన్నేండ్లు నాకు నేను కూడ నోరు తెరిచి అనుకోని మాటను ఇక్కడ రాస్తున్న.

సారక్క తప్పు చెప్పలేదు. ఆ ఫారం నింపేటప్పుడు ఆమెను నేను అడగనే లేదు.