నా సవతి ఒక పవర్‌హౌస్

మా ఆయనకు నేను కాక ఇంకొకతె ఉందని పెళ్లయిన మొదటి వారంలోనే తెలిసిపోయింది నాకు. దాచలేదు పాపం, తనే తీసుకెళ్లి చూపించాడు. కృష్ణ ఒడ్డున కొండను తొలిచి కట్టిన జలవిద్యుత్ కేంద్రంలో అప్పుడు ఆయన ఆపరేటర్. జీపు సొరంగంలో చాలాసేపు పోయాక పెద్ద హాలు వచ్చింది. నేలలోకి దిగేసిన మిషన్లు వరసగా ఉన్నాయి. వాటిలో రెండో నంబర్ దగ్గరికి నన్ను నడిపించి, పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను దాని ఒంటికి ఆనించి, పిడిని నా చెవికి పెట్టి "ఇను" అన్నాడు. లోపల నీళ్లు తిరుగుతున్న హోరు. బేరింగ్ బాగుందో లేదో వాళ్లు అట్లా చెవితోనే పసిగడతారట. నేను వింటుంటే ఆయన మొహం వెలిగిపోయింది. కొత్త పెళ్లికూతుర్ని కదా, ఆ వెలుగు నా కోసమే అనుకున్నాను. పిచ్చి మొహాన్ని.

ఇప్పుడు మేం దోహాలో, అల్ అజీజియాలో ఒక విల్లా వెనక పోర్షన్లో ఉంటున్నాం. సముద్రం పక్కన గ్యాస్‌తో నడిచే కరెంటు ప్లాంటులో ఆయనకు డ్యూటీ. నేను ముఐథర్‌లో ఒక క్లినిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్ని. ఈ దేశంలో నది లేదు, వాగు లేదు. తాగే నీళ్లు కూడా సముద్రంలోంచి ఉప్పు తీసేసినవే. ఇక్కడికి వచ్చేటప్పుడు నేను లోలోపల మురిసిపోయింది అందుకే. నది లేని దేశంలో నా సవతి ఎట్లా బతుకుతుందో చూద్దామనుకున్నాను. బతికింది. ఫోన్లో బతికింది.

పాత పవర్‌హౌస్‌లో ఈయనతో షిఫ్టు చేసిన ఒకతను ప్రతి శుక్రవారం ఫోన్ చేస్తాడు. "అన్నా, రెండో నంబర్‌కు కొత్త బేరింగ్ ఏసినం" అంటాడు. అంతే, ఈయన టీవీ గొంతు నొక్కేసి, చెప్పులు కూడా వేసుకోకుండా వాకిట్లోకి పోతాడు. లోడ్ ఎంత పట్టింది, అదురు ఏమన్నా ఉందా, వేడెక్కుతున్నదా అని ఒకటే ఆరా. నాకు జ్వరమొస్తే "గోలీ ఏసుకున్నవా" అని ఒక్క ముక్క అడిగి ఊరుకునే మనిషి. దానికి ఒళ్లు కాస్త కాలితే కూర చల్లారినా తినడానికి రాడు. ఇక్కడి మిషన్ల గురించి ఎప్పుడన్నా అడిగితే పెదవి విరుస్తాడు. "ఇది మంట. మండుతది, తిరుగుతది, అంతే. నీళ్లు గట్ల కాదు. నీళ్లకు మనసుంటది" అంటాడు. నీళ్లకు మనసుంటదట. ఎదురుగా కూర్చున్న పెళ్లానికి ఉండదు కాబోలు. ఒళ్లు మండిపోయేది నాకు.

దాని మీద నాకు ఇంకో కక్ష కూడా ఉంది. మా అమ్మ పుట్టిన ఊరు ఆ డ్యామ్ నీళ్లలోనే మునిగింది. మా తాత పాలమూరు కూలీల గుంపులో ఆ కట్టకు మట్టి మోశాడు. కట్ట లేచాక ఆ నీళ్లే ఆయన చేనులోకి వచ్చాయి. మా అమ్మ అప్పటికి లంగా జాకెట్టు పిల్ల. మేకను ఒక చేత్తో, తిరగలి రాయిని ఇంకో చేత్తో పట్టుకుని గుట్ట పైకి ఎక్కారట వాళ్లు. కట్ట కింద సంగతి ఇంకో రకం. అక్కడ నది ఎండి బండలు తేలి ఉంటుంది. మిషన్లు తిరిగి నీళ్లు వదిలారా, సైరన్ విని బట్టలుతికేవాళ్లు మూటలు ఎత్తుకుని ఉరకాలి. ఎగువకు ఈదే చేపలు కట్ట దగ్గరే ఆగిపోయాయని మా మేనమామలు ఇప్పటికీ చెప్తారు. కొట్లాట వచ్చినప్పుడల్లా ఇవన్నీ ఆయన మొహాన పెట్టేదాన్ని.

"నిజమే. కాదంటలేను" అనేవాడు. "కానీ బొగ్గు లేదు, పొగ లేదు, ఎన్ని ఊర్లకు దీపం పెడుతున్నదో అది జూడు."

వాళ్లక్క నలుగురిలో నన్ను మాటంటే నోరు మెదపని మనిషి, దాన్ని మాత్రం ఇట్లా వెనకేసుకొచ్చేవాడు.

ఈ ఎండాకాలం మొదట్లో నా నెత్తిన పిడుగు పడింది. మన దేశంలో ఉత్తరాన మంచుకొండల్లో కొత్త పవర్‌హౌస్ కడుతున్నారు. సొరంగం అయిపోయింది, మిషన్లు దింపుతున్నారు. వాటిని మొదటిసారి తిప్పి నిలబెట్టడానికి అనుభవమున్న వాళ్లు కావాలట. ఈయనకు కబురొచ్చింది. అక్కడ పెళ్లాం పిల్లలకు చోటు లేదు, సెలవులు ఎప్పుడో గాని ఇవ్వరు. ఆయన కొండలకు పోతే నేను ఇక్కడ ఒక్కదాన్నే క్లినిక్ ఉద్యోగం చేసుకుంటూ ఉండాలి, లేదంటే సర్దుకుని ఊరికి పోవాలి. వాళ్లు పంపిన ఫొటోలు నాకు చూపించాడు. క్రేన్‌కు వేలాడుతున్న టర్బైన్ చక్రాన్ని రెండు వేళ్లతో పెద్దది చేసి, "ఎంత సక్కగ పోత పోసిన్రో జూడు" అన్నాడు. నన్ను చక్కగున్నవని ఈయన చివరిసారి ఎప్పుడన్నాడో గుర్తు తెచ్చుకోబోయాను. గుర్తు రాలేదు.

"పో" అన్నాను. "పోయి దానితోనే కాపురం జెయ్."

"ఇంకా ఒప్పుకోలే. నిన్ను అడుగుతున్న గద."

"అడిగేటోని మొహం గట్లుంటదా?"

ఆదివారం లోపల ఏ సంగతో చెప్పాలి వాళ్లకు. ఆ వారమంతా నేను వండి పెట్టాను గాని మాట్లాడలేదు. ఆయన ముందే ఏడ్చాను, అన్నం కంచంలో కూడా ఏడ్చాను. ఆయన పోతాననీ అనలేదు, ఉంటాననీ అనలేదు.

అప్పుడు మా అమ్మ ఫోన్ చేసింది. ఎండలకు డ్యామ్‌లో నీళ్లు బాగా దిగిన ఏడాది, మునిగిన ఊరి గోడలు బయటపడతాయి. ఆ ఏడాది ఊరివాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చి, అక్కడ ఉన్న ఊరి దేవత ఈదమ్మ గద్దెకు బోనం పెట్టుకుంటారు. ఈసారి నీళ్లు గద్దె దాకా దిగాయి గాని ఒక చిక్కు వచ్చి పడింది.

"మొన్న పొద్దుగూకంగ గద్దె అవుపడ్డది బిడ్డా. తెల్లారి బోనమెత్తుకొని పోతే మల్ల నీళ్లల్లనే ఉన్నది. నిన్న గూడ గంతే" అంది అమ్మ. నేను ఏదో చెప్పబోతే, "నీకు తెల్వదు. అల్లునికియ్యి" అంది.

కన్నకూతురిని ఎట్లున్నవని కూడా అడగలేదు. ఫోన్ స్పీకర్లో పెట్టి ఆయన చేతికిచ్చాను.

"అల్లుడా, దుబాయ్ నుంచి జర ఆ మీట నొక్కరాదయ్యా? నీళ్లు కిందికి పోవాలె."

నాకు నవ్వాగలేదు. మా అమ్మ లెక్కలో ఖతర్ దుబాయే, ఆ మిషన్లు ఇంకా ఆమె అల్లుడివే. ఆయన మాత్రం నవ్వలేదు. సోఫా చివరికి జరిగి కూర్చుని, చిన్నపిల్లకు చెప్పినట్టు ఓపికగా చెప్పాడు.

"అత్తమ్మా, పొద్దంత మిషన్లు తిరిగి నీళ్లు కిందికి ఇడుస్తయి. రాత్రికి కరెంటు మిగులుతది. అప్పుడు గవే మిషన్లను ఉల్టా తిప్పి, కిందికి పోయిన నీళ్లను మల్ల మీదికి తోడుతరు. అందుకే తెల్లారేసరికి గద్దె మునుగుతున్నది. ఎప్పుడు తిప్పాల్నో హైదరాబాద్ల కూసున్నోళ్లు జెప్తరు, అది నా చేతుల లేదు. కానీ కనుక్కొని జెప్త."

కనుక్కున్నాడు. పాత షిఫ్టు దోస్తుకు ఫోన్ చేసి, ఆ తర్వాత మా అమ్మకు చెప్పాడు. శుక్రవారం పొద్దంతా అన్ని మిషన్లూ తిరుగుతాయి, ఎండ వాలినాక పొండి, చీకటి పడకముందే ఒడ్డు ఎక్కేయండి అని ఒకటికి రెండుసార్లు జాగ్రత్త చెప్పాడు. నాతో ఎన్నడూ అంత నెమ్మదిగా మాట్లాడి ఎరగడు.

శుక్రవారం ఇక్కడ మధ్యాహ్నం, అక్కడ పొద్దు వాలుతోంది. ఫోన్‌ను ఫ్లాస్కుకు ఆనించి ఇద్దరం కింద కూర్చున్నాం. ఊరివాళ్లెవరో వీడియో పట్టుకున్నారు. పగిలిన ఒండ్రుమట్టి, మోకాలెత్తు గోడలు, నల్లబడిన చెట్ల మోళ్లు కనిపించాయి. డప్పు మోగుతోంది. గద్దె ఇంకా తడిగానే ఉంది. మా అమ్మ దాని మీది బురదను కొంగుతో తుడిచింది. పసుపు రాసి, బొట్లు పెట్టి, నెత్తి మీది బోనం దించి ముందర పెట్టింది. నీళ్లు అక్కడికి నాలుగడుగుల దూరంలో ఊరికే ఉన్నాయి.

తర్వాత ఫోన్ తీసుకుని మొహానికి దగ్గరగా పెట్టుకుంది. మళ్లీ నాతో కాదు, ఆయనతోనే మాట్లాడింది.

"ఎన్నిసార్లు ఒడ్డు దాక వచ్చి, కాళ్లు తడుపుకొని ఎనక్కి పోయినమో తెల్సా అయ్యా. నీళ్లు ఎప్పుడు దిగుతయని అడుగుదామంటే ఎవరినడగాలె? గేటుకాడోడు లోపలికి రానియ్యడు. లోపల నీ అసుంటోడు మాకొకడుండె గనక అడిగిన."

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. వారం రోజులు నేను ఏడిస్తే పొడిగా ఉన్న కళ్లవి.

ఫోన్ పెట్టేశాక బయటికి పోయి చాలాసేపటికి రెండు కడక్ చాయ్‌లు పట్టుకొచ్చాడు. ఒకటి నా ముందు పెట్టి, "పోత" అన్నాడు.

"యాడికి?"

"కొండలకు. ఆ ఫొటోలల్ల చక్రం ఎనక ఇండ్లున్నయి, సూసినవా? నేను సూడలే ఇన్ని దినాలు. ఇప్పుడు సూసిన. మెట్ల మెట్ల పొలాలున్నయి. అవన్ని మునుగుతయి. నేను పోకున్నా మునుగుతయి. రేపు ఆడ గూడ మీ అమ్మ అసుంటామె ఒకామె గద్దె కోసం ఎతుక్కుంట ఒడ్డుకొస్తది. ఫోన్ ఎత్తి, నీళ్లు ఎప్పుడు దిగుతయో జెప్పేటోడు ఒకడు లోపలుండాలె గద."

ఇన్నేళ్లుగా దాని మీద నేను దాచుకున్న చేపలు, బండలు, మునిగిన చేను అన్నీ ఆయన పక్షానికి వెళ్లిపోయాయి. వద్దంటే మా అమ్మను వద్దన్నట్టే. నా సవతిని ఇంటికి పిలిచి పసుపు కుంకుమ ఇచ్చింది మా అమ్మే. ఇంక ఎవరితో చెప్పుకోను?

కుళ్లిపోయాను. ఉన్నమాటే చెప్తున్నాను. అప్పుడు నా కుళ్లు మిషన్ మీద కూడా కాదు. ఎక్కడో కొండల్లో, ఇంకా ఊరు మునగని, మొహం కూడా తెలియని ఆ ఆడమనిషి మీద. ఆమె ఎప్పుడో ఒకనాడు ఫోన్ చేస్తుంది, నా మొగుడు మొదటి రింగుకే ఎత్తి, చిన్నపిల్లకు చెప్పినట్టు ఆమెకు నెమ్మదిగా అన్నీ చెప్తాడు.

"ఆమె జేస్తే ఎత్తుతవు" అన్నాను. "నేను జేస్తే?"

చాయ్ గ్లాసు కింద పెట్టి, అబద్ధం చేతకాని మనిషి కదా, కాసేపు నిజంగానే ఆలోచించాడు.

"డ్యూటీల లేకుంటే ఎత్తుత" అన్నాడు.