నడక లేని హులియా

మా చౌకీలో ఎవరైనా నా హులియా చదవాల్సి వస్తే ఇలా చదవాలి. ఎత్తు, లాఠీ కంటే కాస్త ఎక్కువ. ఒళ్లు, లాఠీ కంటే కాస్త తక్కువ. ముక్కు, మనిషి కంటే ముందే మలుపు తిరుగుతుంది. చదువు మూడో తరగతి దాకా. ఆ తర్వాత బడికీ నాకూ ఇద్దరికీ మంచిదని మానేశాను. గాలికి ఎగిరిపోయే ఇలాంటివాణ్ణి పోలీసు జవానుగా ఎలా తీసుకున్నారని చాలామంది అడిగారు. యూనిఫారం చొక్కా నాకంటే లావుగా ఉండేది. దాన్ని చూసి తీసుకుని ఉంటారు.

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. పంజాగుట్ట బండల మీద తెల్లటిదేదో కదిలిందని ఎవరన్నా వణుక్కుంటూ వస్తే, అది మా వదిన ఆరేసిన నా పంచె అని చెప్పేవాణ్ణి. అమీర్‌పేట సమాధుల దగ్గర ఏడుపు వినపడిందంటే, అది నేను పాడిన పాట అని పంపించేవాణ్ణి. ఇప్పుడు చెప్పబోయేది కూడా ఇంకొకరికి జరిగి ఉంటే నవ్వేసేవాణ్ణి. జరిగింది నాకు. పక్కన ఇంకో మనిషి ఉండగా, పట్టపగలు.

పెద్ద యుద్ధం అయిపోయిన కొత్త. మిలిటరీ వాళ్లు వాడి వదిలేసిన వైర్‌లెస్ సెట్లు కొన్ని పోలీసులకు వచ్చాయి. బేగంపేట విమానాల మైదానం వైపు పోయే రోడ్డు కాబట్టి పంజాగుట్టలో మా చిన్న చౌకీకి కూడా ఒకటి ఇచ్చారు. దాన్ని నడిపేది సత్తార్ భాయ్. మిలిటరీలో అదే పని చేసి వచ్చినవాడు. చెవులకు తొడిగే ఆ డొప్పలు తీసి బల్ల మీద పెడితే, పక్కన కూర్చున్నవాడికి కూడా గొంతు సన్నగా వినపడేది. ఆ పక్కన కూర్చునేవాణ్ణి నేను.

ఎవరన్నా నేరం చేసి పారిపోతే వాడి ఆనవాళ్లు ఆ సెట్ మీద చదివేవారు. దాన్నే హులియా అంటారు. చదవడానికి ఒక వరస ఉంది. ముందు వయసు, ఎత్తు, రంగు. తర్వాత ముఖం. తర్వాత ఒంటి మీద గుర్తులు. ఆ తర్వాత నడక. బట్టలు వాటి వెనక, ఎందుకంటే వాటిని సందు మలుపులో మార్చుకోవచ్చు. చివరికి చేసిన నేరం, అంటే జుర్మ్, ఆపైన పోయిన దారి. అవతలివాళ్లు చదివింది ఇవతలివాళ్లు అదే వరసలో తిరిగి అప్పజెప్పాలి. "ఠీక్" అన్న మాట వచ్చాకే మేం రోడ్డు మీద నిలబడేది.

మా అమీన్ సాబ్, అంటే చౌకీ పెద్ద, రోజూ ఒకటే పాఠం చెప్పేవాడు. గడ్డం గీసుకుంటాడు, టోపీ మారుస్తాడు, నడక మాత్రం మార్చుకోలేడు, దాన్ని పట్టుకోండి అని. ఇంకోటి కూడా చెప్పేవాడు. ఒంటి మీద గుర్తు కలవకపోతే మిగతావన్నీ కలిసినా సరే, మనిషిని వదిలెయ్యాలి.

నాకు ఈ హులియా పిచ్చి పట్టుకుంది. వాడలో ఎవరు ఎదురొచ్చినా సెట్‌లో వినపడే గొంతు పెట్టి చదివేవాణ్ణి. పాస్టరమ్మకు చదివాను, పాలవాడికి చదివాను, పాలవాడి బర్రెకు కూడా చదివాను. అందరికంటే ఎక్కువ మా అన్న యాకోబుకు చదివేవాణ్ణి. ఎందుకంటే అన్నకు హులియాకు కావలసిన సరుకంతా ఉంది. చిన్నప్పుడు బండ మీంచి పడి కుడికాలు వంకర పోయింది. ఒక అడుగు వేసి, రెండో అడుగును వెంట తెచ్చుకుంటున్నట్టు నడుస్తాడు. మా వీధి చివర నిలబడి చూసినా ఆయనే అని తెలిసిపోతుంది.

మా నాన్న పోయాక నన్ను పెంచింది అన్నే. బావులు తవ్వడం, పూడిక తీయడం ఆయన పని. ఆ ఎండాకాలం అమీర్‌పేటలో ఒక నవాబుగారి దేవిడీ వెనక తోటలో పాత బావికి పూడిక తీస్తున్నారు. ఆ రోజు పొద్దున కలిసే గంజి తాగాం. ఆయన అటు, నేను ఇటు పోయాం.

ఆ రోజు పొద్దుటినుంచి గాలి. వాన తేదు, పోదు. దుమ్ము లేపి చౌకీ తలుపును కొట్టి పోయేది, మళ్లీ వచ్చేది. పైన కట్టిన వైరు ఒకటే గీపెట్టేది. అమీన్ సాబ్ పని మీద సోమాజిగూడ పోయాడు. నాకు కూర్చుంటే లేవాలని, లేస్తే కూర్చోవాలని ఉండింది. సత్తార్ భాయ్ కూడా డొప్పలు తొడిగి తీసి, తొడిగి తీసి, చివరికి బల్ల మీద పడేశాడు.

అన్నం వేళ దాటాక సెట్ పలికింది.

మామూలుగా చదివేవాడు ముందు తన ఠాణా పేరు చెప్తాడు. ఈసారి పేరు రాలేదు. గాలిలో కొట్టుకుపోయింది అనుకున్నాం. గొంతు తెలిసినది కాదు. తొందర లేని ఉర్దూ. మగమనిషి. వయసు నలభై దగ్గర. ఎత్తు మధ్యరకం. నలుపు. కోల ముఖం, ఎడమ కణత మీద మాత్రమే నెరిసిన జుట్టు. ఎడమ చేతి చిటికెన వేలికి పై కణుపు లేదు. కుడి భుజం మీద ఆకులాంటి కాలిన మచ్చ. ఎడమ కనుబొమ్మ మీద తాజా గాయం. నడుముకు బిగించిన తెల్ల పంచె. చొక్కా లేదు. తలకు ఎర్ర గుడ్డ. మెడలో నల్లదారానికి ఇత్తడి సిలువ.

అంతే. ఆగిపోయింది.

సత్తార్ భాయ్ వరస తప్పకుండా తిరిగి చదివాడు. "ఠీక్" అంది గొంతు. నేను విన్నాను. ఆయనా విన్నాడు.

నేను పగలబడి నవ్వాను. "భాయ్, గాయన మా అన్న! వేలు గదే, మచ్చ గదే, సిలువ సుత గదే. బాయిల మట్టి గిట్ట దొంగతనం చేసిండా ఏంది?"

సత్తార్ భాయ్ నవ్వలేదు. నేరమేమిటో చెప్పమని రెండుమూడుసార్లు అడిగాడు. సెట్ పలకలేదు.

నాకు మాత్రం ధైర్యంగానే ఉంది. ఎందుకంటే అందులో కుంటి కాలు లేదు. అన్నను చూసినవాడు ముందు కాలు చూస్తాడు, వేలు తర్వాత. పైగా పొద్దున గంజి తాగేటప్పుడు ఆయన కనుబొమ్మ నున్నగా ఉంది. ఎవడో అన్నలాంటివాడు అని సత్తార్ భాయ్‌తో అన్నాను.

ఆయన డొప్పలు చేత్తో పట్టుకుని నా వైపు చూశాడు. "నడక చెప్పలే దీన్ల. జుర్మ్ లేదు, ఎటు పోయిండో సుత లేదు. దానయ్యా, ఇది పారిపోయినోని హులియా కాదు. లావారిస్ లాష్ దొరికితె గిట్ల చదువుతరు."

దిక్కులేని శవం దొరికితే ఎవరన్నా గుర్తుపడతారని దాని ఆనవాళ్లు కూడా ఇలాగే పంపుతారట. అవి పెద్ద ఠాణాలకే పోయేవి. నేను ఎప్పుడూ వినలేదు. "పీనుగకు నడక ఏడుంటది భాయ్" అన్నాడు ఆయన, మెల్లగా.

నేను కుండలో నీళ్లు తాగాను. బయటికి పోయాను, లోపలికి వచ్చాను. పొద్దున చూసిన మనిషి పీనుగ ఎలా అవుతాడు, కాలేదు కాబట్టి ఇదంతా తప్పు, తప్పు కాబట్టి కూర్చుంటాను అని లెక్క చెప్పుకున్నాను. కూర్చోలేకపోయాను. డ్యూటీ వదిలిపోతే ఉద్యోగం ఊడుతుంది. సత్తార్ భాయ్ సెట్ వైపు తిరిగి, "నేను నిన్ను చూడలే, పో" అన్నాడు.

అమీన్ సాబ్ సైకిల్ గోడకు ఆనించి ఉంది. దాన్ని తీసుకున్నాను. అమీర్‌పేట ఎంత దూరమని! ఆ రోజు ఎదురుగాలికి తొక్కినకొద్దీ రోడ్డు వెనక్కి జరిగినట్టుంది. కళ్లల్లో దుమ్ము. రెండుసార్లు గొలుసు ఊడింది. అన్న బతికుంటే చాలు, జన్మలో ఎవరి హులియా చదవను అనుకున్నాను. అనుకుంటూనే ఆ గొంతు చదివిన వరస నోట్లో తిరుగుతోంది.

తోటలో బావి మీద ఇద్దరు గంప లాగుతున్నారు. గిలక కిర్రుమంటోంది. అన్న లోపల ఉన్నాడు, ఇంకొకాయన మైసయ్యతో. నేను గట్టు మీద బోర్లా పడి కేక వేశాను.

"అన్నా! జల్ది పైకి రా!"

కిందనుంచి నవ్వు వచ్చింది. "వచ్చిండు మా పోలీసు. ఏం తెచ్చినవ్ రా, హులియానా?"

"అవ్ అన్నా, హులియానే. నీదే. నువ్వు పైకి రా ముందు."

"ఏం జుర్మ్ చేసిన్నట?"

నువ్వు చచ్చిపోయావని చెప్పలేను కదా. గిలక దగ్గర ఇద్దరూ అప్పుడే నవ్వడం మొదలుపెట్టారు. ఏం చెయ్యాలో తోచక, విన్నది విన్నట్టు బావిలోకి చదివాను. వయసు, ఎత్తు, రంగు. వేలు దగ్గరికి వచ్చేసరికి నా గొంతు సగం విరిగింది. మైసయ్య చప్పట్లు కొట్టాడు. "ఈసారి మస్తు చేస్తుండు రా నీ తమ్ముడు, ఏడ్చినట్టే ఉన్నది!" అన్నాడు.

అన్న పార పక్కన పెట్టిన చప్పుడు వినపడింది. తర్వాత అడిగాడు. "అరేయ్ దానయ్యా, నవ్వుతున్నవా, ఏడుస్తున్నవా?"

బావి అడుగునుంచి చూసేవాడికి పైన ఆకాశం కనపడుతుంది, అందులో నల్లటి తలకాయ కనపడుతుంది. ముఖం కనపడదు. అన్న నా ముఖం చూడడానికే తాడు పట్టుకున్నాడు. ఆయన వస్తుంటే, తమాషా తప్పిపోతుందని మైసయ్య కూడా వెనకే ఎక్కాడు.

అన్న పైకి వచ్చి నా ముందు నిలబడ్డాడు. నడుముకు బిగించిన పంచె. తలకు ఎర్ర గుడ్డ. సిలువకు బురద అంటి ఉంది. నేను ఆయన గడ్డం పట్టుకుని ముఖం వెలుతురుకు తిప్పాను. ఎడమ కనుబొమ్మ తడిమాను. చెమట తప్ప ఏమీ లేదు.

గుర్తు కలవలేదు. మా కాయిదా ప్రకారం మనిషిని వదిలెయ్యాలి.

"అయ్యిందా సోదా? ఇగ పోనిస్తవా?" అన్నాడు అన్న. మిగతావాళ్లు నవ్వుతున్నారు. నాకూ సిగ్గుగా నవ్వు రాబోయింది. ఆయన నా భుజం తట్టి, తాడు వైపు తిరిగి, వంకరకాలు వెంట తెచ్చుకుంటూ ఒక అడుగు వేశాడు. ఆ కాలు అట్లా ఈడ్చడం చూస్తూ ఆయన చెయ్యి ఎందుకు పట్టుకున్నానో నాకు తెలియదు. పట్టుకుని లాగాను.

అప్పుడే బావి లోపల ఏదో నిట్టూర్చినట్టయింది. అవతలి వైపు రాతి కట్టడం పొట్ట ఉబ్బి, రాళ్లన్నీ ఒక్కసారి లోపలికి పోయాయి. గట్టు విరిగింది. గిలక కట్టిన దుంగ దానితోపాటు పోతూ పగిలింది. చెక్క ముక్క ఒకటి ఎగిరి అన్న ముఖానికి తగిలింది.

దుమ్ము తగ్గాక చూస్తే అందరం గట్టుకు ఇవతలే ఉన్నాం. పని చేసిన చోట మనిషి ఎత్తుకు మించి రాళ్లు. మైసయ్య నేల మీద కూర్చుని మట్టి పిడికిట్లో పట్టుకుని ఉన్నాడు. అన్న నెత్తురు తుడుచుకుంటున్నాడు. ఎడమ కనుబొమ్మ.

తర్వాత అమీన్ సాబ్ నన్ను తిట్టవలసినంత తిట్టాడు. ఆ తర్వాత మాకు హులియాలు పంపే పెద్ద ఠాణాకు మనిషిని పంపి అడిగించాడు. ఆ మధ్యాహ్నం వాళ్లు మాకు ఏదీ చదవలేదట. గాలికి వాళ్ల స్తంభం ఒరిగితే పొద్దున్నే దించి పెట్టారు, సెట్ మూసే ఉంది. మిగతా చౌకీల్లో ఎవరూ ఏమీ వినలేదు. మిలిటరీ వాళ్ల మాటలు అప్పుడప్పుడు మా సెట్‌లో కలిసేవి, నిజమే. కానీ మా అన్న చిటికెన వేలితో మిలిటరీకి ఏం పని?

ఎక్కువమంది చెప్పింది ఏమిటంటే, దానయ్యే గొంతు మార్చి చదివి ఉంటాడు అని. నా మీద ఉన్న నమ్మకం అట్లాంటిది. సత్తార్ భాయ్ ఖురాన్ మీద ఒట్టు పెట్టి, దానయ్య నా పక్కన నోరు తెరుచుకుని కూర్చున్నాడు, ఆ నోట్లోంచి నవ్వు తప్ప ఏమీ రాలేదు అని చెప్పాడు. నేనే చదివాననుకుందాం. మరి అప్పటికి లేని గాయాన్ని ఎక్కడ చూసి చదివాను?

ఆ గొంతు ఎవరిదో ఇప్పటికీ నాకు తెలియదు. బావిలో రాళ్లు కూలడానికి కారణం చెప్పగలను, పాత కట్టడం, తడి మట్టి. గొంతుకు చెప్పలేను. దయ్యం అనడానికి కూడా నోరు రాదు, దయ్యం "ఠీక్" అంటుందా? ఒట్టు పెట్టుకున్నట్టు హులియాలు మానలేదు గానీ, వరస మార్చుకున్నాను. ఇప్పుడు ఎవరిది చదివినా నడక ముందు చెప్తాను.

ఆ సాయంత్రం మా వదిన రూతమ్మ అన్న గాయానికి పసుపు అద్దుతోంది. నేను పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పాను. సెట్, నడక, అన్న పైకి రాకపోతే నేను ఏడుస్తూ బావిలోకి చదవడం, అంతా. చెప్పి అడిగాను, "వదినా, ఎవరు పంపిండ్రంటవ్ దాన్ని?"

ఆమె తల ఎత్తకుండానే అంది.

"ఎవరు పంపితే ఏంది మరిదీ, పంపినాయనకు దండం. సచ్చినోళ్ల హులియా వచ్చిందన్నవ్, నమ్మిన. లేని గాయం చెప్పిండన్నవ్, గది సుత నమ్మిన. గని నువ్వు నవ్వకుంట ఒక్క మాట చెప్పినవంటున్నవ్ సూడు, గది మాత్రం నేను నమ్మ."