సాంచ ఆగిన మధ్యాహ్నం

కాంపౌండర్ కాక చనిపోయాడని కబురు అందినప్పుడు నేను మా ఊరి కొంతం చౌక్‌లో మందుల దుకాణం ముందు ఉన్నాను. ఆ వారం ఆయన నాకు వేయాల్సిన సూదిమందు చేతిలోనే ఉంది. ముందు ఏడుపు రాలేదు. ఇక నాకు సూది ఎవరు వేస్తారన్న బెంగ వచ్చింది. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

దాజీ పేట్‌లో ఆయనది మా ఎదురిల్లు. పెళ్లికి ముందు వచ్చిన గవదబిళ్లలు నా వృషణాలను దెబ్బతీశాయని, మగవాడి ఒంట్లో తయారవ్వాల్సిన హార్మోన్ నాలో తయారవడం లేదని, పిల్లలు పుట్టరని పెళ్లయిన రెండేళ్లకు డాక్టర్ చెప్పారు. బతికినన్నాళ్లూ టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ తీసుకోవాలన్నారు. కాకకు తప్ప ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా.

మొదట్లో మూడు వారాలకోసారి పెద్ద డోసు. మొదటి వారం ఊరికే కోపం వచ్చేది, నిద్ర పట్టేది కాదు. మూడో వారానికి పిండేసిన గుడ్డలా అయిపోయేవాణ్ణి. ఆ తేడా నాకంటే ముందు కాకకే తెలిసింది. మా పవర్‌లూమ్‌ను మేం సాంచ అంటాం. పోగు తెగితే ఆగుతుంది, అతికిస్తే నడుస్తుంది. అది ఎంతసేపు ఆగి ఉందో ఆయన తన కిటికీ దగ్గర కూర్చుని వినేవాడు.

“మూడో వారం ఒక్క పోగు అతుకుతందుకు చాయ్ తాగేంత టైం పడుతున్నదిరా నీకు.”

“జర ఎక్కువ మందు ఎక్కించు కాకా.”

“డోస్ జెప్పుడు నా పని గాదు. నేను గుచ్చెటోన్ని. పా, డాక్టర్‌ను అడుగుదం.”

వెంట వచ్చాడు. డాక్టర్ రక్తపరీక్ష చేయించి, మందు తగ్గించి, పది రోజులకోసారి వేయించుకోమన్నారు. ఒళ్లు కుదుటపడింది. కానీ కాక ఇంటికి ఎందుకు వెళ్తున్నానో నా భార్యతో మూడు వారాలకోసారి ఆడే అబద్ధం పది రోజులకోసారి ఆడాల్సి వచ్చింది.

నా భార్య బీడీలు చుడుతుంది. పిల్లల కోసం మా అమ్మ ఆమె చేత చేయించని ఉపవాసం లేదు. బారసాలల్లో ఆమెను వెనక నిలబెట్టేవారు. నేను చూస్తూ ఊరుకున్నాను. కాక మాత్రం సూది తీసి దూది అదిమిపట్టి ప్రతిసారీ అనేవాడు: “గుచ్చేది నీకు, నొచ్చేది ఆ పిల్లకురా. చెప్పు. సూది పెట్టుడు ఆమెకు నేను నేర్పుత.”

వచ్చేసారి చెప్తాననేవాణ్ణి. ఎనిమిదేళ్లు గడిచాయి. తానే చెప్పేస్తానని ఆయన ఒక్కసారి కూడా బెదిరించలేదు. ఆ మంచితనం చాటునే నేను దాక్కున్నాను.

ఆయన పోయిన పన్నెండో రోజు మధ్యాహ్నం పోగు తెగింది. సూది రోజు దాటిపోయింది. పేటలో ఇంకెవరి దగ్గరికి వెళ్లినా సాయంత్రానికి గల్లీ అంతా తెలుస్తుంది. రెండుసార్లు ముడి వేశాను, రెండుసార్లూ జారిపోయింది. కాక కిటికీ మూసి ఉంది. చాలాసేపటికి నా భార్య లోపలి నుంచి వచ్చింది.

“ఏమైంది? ఇంతసేపు బంద్ బెట్టినవు?”

జేబులోని మందు తీసి చూపించి అంతా చెప్పేశాను.

“అంటే, లోపం నాది గాదన్నట్టు.”

తలూపాను.

“కాకకు ఎరుకనా?”

“ఎరుకే. నీకు చెప్పుమని పోరు పెట్టేటోడు.”

ఆమె వేళ్లకున్న తంబాకు కడుక్కుని వచ్చి, మందు నా చేతిలోంచి తీసుకుని కొంగున ముడేసుకుంది.

“పా దవాఖానకు. నీతోని మాట్లాడ. సూది పెట్టుడు మాత్రం నేర్చుకుంట.”

గల్లీలోకి దిగి, మూసిన ఆ కిటికీ ముందు కాసేపు ఆగింది. నేను ఆమె వెనకాల నిలబడ్డాను. ఇంట్లో సాంచ ఆగే ఉంది.