ఏరు ఏ పక్కనుంది?

పెదనాన్న పోయారని కోరాపుట్ నుంచి తమ్ముడు రాసిన కార్డు రాయగడలో నా చేతికందేసరికి పదోరోజు కూడా దాటిపోయింది. కడసారి చూపు దక్కలేదు. కార్డు చివర వాడొక ముక్క రాశాడు: "కిటికీలో పటం నీకిమ్మన్నారు." ఆ పటం సంగతి చెప్పకపోతే ఆయన సంగతి చెప్పినట్టే కాదు.

ఆయన ఎస్టేటు కచేరీలో పాత కాగితాల గది చూసేవారు. ఏ వస్తువు కనబడినా మూడు ప్రశ్నలు వేసేవారు: ఏటిది, ఎక్కడిది, ఏ తోవనొచ్చింది? కూరలో ఉప్పు తక్కువైందని నేనడిగితే ముందు ఉప్పు కథ వినాల్సిందే.

"భీమిలి నుంచి ఎద్దుల మీద సాలూరు దాటి, పొట్టంగి ఘాటీ ఎక్కి వచ్చీది, అమ్మీ, మన ఉప్పు. దిగినప్పుడు అవే ఎద్దులు పసుపూ సింతపండూ మోసుకెళ్లీవి."

ఈలోగా నా అన్నం చల్లారిపోయేది.

కచేరీవాళ్లు చిత్తుకాగితాలతో పారేయబోతుంటే అడిగి తెచ్చుకున్న బొమ్మ ఆ పటంలోది. రాగిరేకు మీద చెక్కి కాగితం మీద అచ్చువేసిన పాత రేవు. తెరచాప ఓడలు, బట్టల మూటలు మోసే కూలీలు, ఒక కొండ, సముద్రంలో కలిసే ఏరు. ఊరి పేరున్న అంచుని చెదలు తినేసింది. ఒకప్పుడు డచ్చివాళ్లు బట్టల వ్యాపారం చేసిన భీమిలే ఇదని పెదనాన్న తేల్చేశారు.

ఆ సంబరమంతా మా నానమ్మ కోసం. ఆమె పుట్టిల్లు భీమిలి. పదమూడేళ్లకి కొండమీదికి కాపరానికొచ్చి, మళ్లీ సముద్రం మొహం చూడలేదు. చూపు మందగించాక ఆ పటం ఒళ్లో పెట్టుకుని అద్దం తడిమేది.

"మా ఇల్లు ఏటి పక్కన్రా. అయ్య పడవలో కూకోబెట్టి సూపించేడు. కుడిసేతి పక్క," అని కుడివైపు వేలు పెట్టేది.

"అటు కాదమ్మా, ఏరు ఇటుంది," అని పెదనాన్న ఆ వేలుని ఎడమవైపుకి జరిపేవారు.

"అలాగేట్రా?" అనేది నానమ్మ. మర్నాడు మళ్లీ కుడివైపే. అద్దం మీద ఆ చోట నూనెవేలి మరక నిలిచిపోయింది. ఆమె పోయాక దాన్ని ఎవర్నీ తుడవనివ్వలేదాయన.

కొన్నేళ్లకి భీమిలి ఆయనే ఒకరు మా ఊరికి పోస్టుమాస్టరుగా వచ్చారు. ఓ రోజు మా ఇంట్లో పటం చూసి నవ్వారు. "ఇది మా భీమిలి కాదండీ. సముద్రం మీంచి చూస్తే ఏరు కుడిపక్కుండాలి, కొండ ఎడంపక్కుండాలి."

ఆయన వెళ్లాక పెదనాన్న, "అయితే ఏదో ఊరు సూపించి మా అమ్మకి అబద్ధం సెప్పేనేటి?" అని గొణుక్కున్నారు. పటాన్ని గోడకేసి తిప్పేశారు. వారం రోజులు ఇంట్లో ఆ మూడు ప్రశ్నల్లో ఒక్కటీ వినబడలేదు. నాకు భయమేసింది.

వారం చివర కచేరీలో కాగితాల కట్టకి లక్కముద్ర వేస్తూ ఆగిపోయారట. ముద్ర మీద అక్షరాలు తిరగేసి చెక్కితేనే కదా లక్క మీద తిన్నగా పడతాయి! మరి రాగిరేకు చెక్కినవాడు తిరగేయడం మరిచిపోయి ఉంటే, అచ్చులో కుడి ఎడమైపోదూ? మిట్టమధ్యాహ్నం గబగబా ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా పటం ఊడదీసి, కాగితాన్ని వెనకవైపు నుంచి కిటికీ వెలుగులో పట్టుకున్నారు. ఏరు కుడివైపుకొచ్చింది. కొండ ఎడమకెళ్లింది.

"సూసేవా అమ్మీ! అమ్మ సరిగ్గానే సూపించింది. నేనే ఆవిడ సెయ్యి లాగేసేను," అన్నారు. అమ్మని తలుచుకుని ఏడుస్తూనే, చిక్కు విడిందని నవ్వారు. అలాంటి మనిషి మరి. ఆయన్ని నేనంతగా ఇష్టపడిన రోజు ఇంకోటి లేదు.

తరవాత వెనకచెక్క మళ్లీ పెట్టకుండా, కాగితం తిరగేసి, పాత అద్దమే బిగించి తూర్పు కిటికీకి వేలాడదీశారు. "తెల్లకాయితానికి పటం కట్టించేరేటి?" అని వచ్చినవాళ్లు వేళాకోళమాడితే, "పొద్దున్న రండి, సూద్దురు గాని," అనేవారు.

ఇప్పుడది రాయగడలో మా వంటింటి కిటికీకి ఉంది. నేను పొయ్యి రాజేసే వేళకి ఒట్టి కాగితమే. ఎండ పడగానే ముందు తెరచాపలు తేలతాయి, తరవాత కొండ, ఆఖర్న ఏరు. సరిగ్గా నానమ్మ వేలిమరక కిందే.